400 డిగ్రీల్లో అల్యూమినియం–సిలికాన్ కార్బైడ్ కంపోజిట్: సిమ్యులేషన్ లోడ్ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వస్తోంది. తప్పు ఎక్కడుంది?

లావణ్య_వరంగల్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను పీహెచ్‌డీ రెండో సంవత్సరంలో ఉన్నాను. 6061 అల్యూమినియంలో ఘనపరిమాణం లెక్కన 15 శాతం సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపిన కంపోజిట్ మీద పని. స్టిర్ కాస్టింగ్ పద్ధతిలో (కరిగిన లోహంలో రేణువులు కలియబెట్టి) పోసి, ఒకసారి ఎక్స్‌ట్రూడ్ చేసి (డై రంధ్రం గుండా తోసి), ఆ కడ్డీలోంచి 10 మిల్లీమీటర్ల వ్యాసం, 15 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న శాంపిల్స్ తీశాం. వాటిని వేడిగా నొక్కి చూశాం. ఉష్ణోగ్రతలు 350, 400, 450, 500 డిగ్రీలు. స్ట్రెయిన్ రేటు, అంటే ఆకారం మారే వేగం, సెకనుకు 0.01, 0.1, 1, 10. మొత్తం 16 పరీక్షలు. ప్రతి శాంపిల్‌నీ సగం ఎత్తుకి నొక్కాం, అంటే ట్రూ స్ట్రెయిన్ (ఎత్తుల నిష్పత్తి లాగరిథమ్) 0.69.

ఆ కర్వ్‌లకు స్ట్రెస్‌ని ఉష్ణోగ్రతతో, రేటుతో ముడిపెట్టే సైన్ హైపర్బోలిక్ సమీకరణం కట్టి, ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌లో (శాంపిల్‌ని చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కకట్టేది) పెట్టి, అదే పరీక్షను కంప్యూటర్‌లో మళ్లీ నడిపాను. 400 డిగ్రీల దగ్గర పరిస్థితి ఇలా ఉంది. 0.01 రేటులో చివరికొచ్చేసరికి సిమ్యులేషన్ లోడ్ అసలు లోడ్ కంటే 7 శాతం ఎక్కువ. 1 రేటులో అచ్చు గుద్దినట్టు సరిపోయింది. 10 రేటులో 8 శాతం తక్కువ.

ల్యాబ్‌లో ఒకరు "1 రేటుది సరిపోయింది కదా, అదే పేపర్లో చూపించెయ్" అన్నారు. నాకు మనసొప్పడం లేదు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వస్తుంటే మధ్యలో సరిపోవడం నిజమేనా అని అనుమానం. ఇంకో సమస్య కూడా ఉంది. 350 డిగ్రీలు, 10 రేటులో శాంపిల్ నడుము దగ్గర ఉబ్బి నిలువుగా పగిలింది. నా సిమ్యులేషన్‌లో ఆ పగులు ఆనవాలే లేదు. ఎవరైనా దారి చూపిస్తారా?


మెష్_మాధవ | సోమవారం, రాత్రి 10:25

లావణ్య గారూ, మీ అనుమానం సరైనదే. ఆ 1 రేటు గ్రాఫ్‌ని దయచేసి ఇప్పుడే ఎక్కడా పెట్టకండి.

మూడు విషయాలు చెప్పండి. ఒకటి, సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన స్ట్రెస్–స్ట్రెయిన్ కర్వ్ మెషీన్ ఇచ్చిన లోడ్ నుంచి నేరుగా లెక్కకట్టిందా, లేక ఏమైనా దిద్దారా? రెండు, సిమ్యులేషన్‌లో రాపిడి ఎంత పెట్టారు? మూడు, వేడి పుట్టడాన్ని ఆన్ చేశారా?


లావణ్య_వరంగల్ | సోమవారం, రాత్రి 10:41

లోడ్‌ని అప్పటి వైశాల్యంతో భాగించాను, అంతే. ఏమీ దిద్దలేదు. రాపిడికి షియర్ ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ 0.2 పెట్టాను (0 అంటే రాపిడి లేనట్టు, 1 అంటే అంటుకుపోయినట్టు). రెండు చివరలా గ్రాఫైట్ పూత ఉంది, పాత పేపర్లలో ఆ విలువే వాడుతున్నారు. వేడి ఆన్ చేశాను, ప్లాస్టిక్ పనిలో, అంటే ఆకారం శాశ్వతంగా మార్చడానికి పట్టిన పనిలో, 95 శాతం వేడిగా మారుతుందని ఇచ్చాను.


మెష్_మాధవ | సోమవారం, రాత్రి 11:30

దొరికింది. మీరు రెండింటిని రెండుసార్లు లెక్కపెట్టారు, అవి ఒకదానికొకటి ఎదురు దిశల్లో లాగుతున్నాయి. కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే కొత్తగా ఈ పనిలోకి వచ్చే వాళ్లలో చాలామంది ఇక్కడే జారుతున్నారు.

ముందు రాపిడి. మెషీన్ చూపించే లోడ్‌లో లోహం ఆకారం మార్చడానికి పట్టిన బలం ఉంది, పై కింది ప్లేట్ల దగ్గర రాపిడిని గెలవడానికి పట్టిన బలం కూడా ఉంది. రెండూ కలిపి వైశాల్యంతో భాగిస్తే వచ్చేది లోహపు ఫ్లో స్ట్రెస్ (ఆకారం మారుతూ ఉండటానికి లోహానికి కావాల్సిన స్ట్రెస్) కాదు, అంతకంటే కాస్త పెద్ద సంఖ్య. ఎంత పెద్దదో చేత్తోనే లెక్కకట్టొచ్చు. ఫ్రిక్షన్ ఫ్యాక్టర్‌ని 2తోనూ, వ్యాసార్ధానికీ ఎత్తుకీ ఉన్న నిష్పత్తితోనూ గుణించండి. మూడు రెట్ల రూట్ 3తో, అంటే 5.2తో భాగించండి. మొదట్లో మీ శాంపిల్ వ్యాసార్ధం 5, ఎత్తు 15. కాబట్టి రాపిడి వాటా రెండున్నర శాతం. సగానికి నొక్కాక వ్యాసార్ధం 7.07, ఎత్తు 7.5. అప్పుడు వాటా 7.3 శాతం. ఈ 7 శాతం ఉబ్బిన కర్వ్‌ని లోహపు స్వభావం అని సాఫ్ట్‌వేర్‌కి చెప్పారు. ఆపైన సాఫ్ట్‌వేర్ తన రాపిడిని మళ్లీ కలిపింది. 0.01 రేటులో మీకు వచ్చిన 7 శాతం అదే.

ఇక వేడి. 0.01 రేటులో పరీక్షకి 69 సెకన్లు పట్టింది. పుట్టిన వేడి ప్లేట్లలోకి పోవడానికి బోలెడంత సమయం. 10 రేటులో మొత్తం పరీక్ష 0.07 సెకన్లలో అయిపోయింది, వేడి ఎక్కడికీ పోలేదు. 400 దగ్గర మీ స్ట్రెస్ 110 మెగాపాస్కల్ ఉందనుకుంటే, దాన్ని 0.69తో గుణిస్తే ఘనపు మీటరుకి 76 మెగాజౌల్ పని. అందులో 95 శాతం వేడి. మీ కంపోజిట్ సాంద్రత 2780 దగ్గర ఉంటుంది, ఆ ఉష్ణోగ్రతలో విశిష్టోష్ణం 1050 వేసుకోండి. 25 డిగ్రీల చుట్టూ పెరుగుదల వస్తుంది. అంటే మీరు 400 డిగ్రీల కర్వ్ అని పిలుస్తున్నది చివర్లో నిజానికి 425 డిగ్రీల కర్వ్. లోహం అప్పటికే మెత్తబడింది. ఆ మెత్తబడిన కర్వ్‌ని 400 డిగ్రీలదని ఇచ్చారు, సాఫ్ట్‌వేర్ దాన్ని మళ్లీ 25 డిగ్రీలు వేడెక్కించి ఇంకోసారి మెత్తబరిచింది.

1 రేటులో పరీక్ష 0.7 సెకన్లు. కొంత వేడి పోయింది, కొంత మిగిలింది. రాపిడి తెచ్చిన ఎక్కువా వేడి తెచ్చిన తక్కువా అక్కడ సమానమై ఒకదాన్నొకటి తినేశాయి. మీకు సరిపోయినట్టు కనిపించింది అందుకే.


కొత్త_కిరణ్ | మంగళవారం, ఉదయం 7:15

నేను ఎంటెక్ మొదటి సంవత్సరం. చదువుతుంటే కళ్లు తెరుచుకున్నట్టుంది. మాధవ అన్నా, ఒక డౌట్. రాపిడి 0.2 అన్నది ఎక్కడి నుంచి వస్తుంది? అది కూడా తప్పైతే దిద్దుబాటు కూడా తప్పవుతుంది కదా?


కొలిమి_పెద్దాయన | మంగళవారం, ఉదయం 8:50

కిరణ్ బాబూ, నువ్వు అడిగింది అసలైన ప్రశ్న. నేను ముప్పై రెండేళ్లు ఫోర్జింగ్ షాపులో, అంటే వేడి లోహాన్ని నొక్కి ఆకారం ఇచ్చే చోట, పనిచేసి రిటైరయ్యాను. కంప్యూటర్ మోడల్స్ మా పిల్లల కాలంలో వచ్చాయి, కానీ రాపిడి సంగతి మాత్రం చేతులతో తెలుసు.

పేపర్లో చూసి 0.2 అని రాయడం కాదమ్మా లావణ్యా. రింగ్ పరీక్ష చెయ్యి. మీ కంపోజిట్‌తోనే ఒక ఉంగరం చేయించు. బయటి వ్యాసం, లోపలి వ్యాసం, ఎత్తు 6:3:2 నిష్పత్తిలో ఉండాలి. అదే గ్రాఫైట్ పూత, అదే ఉష్ణోగ్రత, అదే వేగం. నొక్కి బయటికి తియ్యి. రాపిడి తక్కువుంటే లోపలి రంధ్రం పెద్దదవుతుంది. రాపిడి ఎక్కువుంటే లోహం లోపలికే తోసుకొచ్చి రంధ్రం చిన్నదవుతుంది. లోడ్ కొలవక్కర్లేదు, లోహం ఎంత గట్టిదో తెలియక్కర్లేదు. ఎత్తు ఎంత తగ్గింది, రంధ్రం ఎంత మారింది, అంతే. మేల్, కాక్‌క్రాఫ్ట్ అనే ఇద్దరు 1964లో ఈ పద్ధతిని గీతలతో సహా ఇచ్చారు. ఇప్పటికీ దీన్ని మించిన సులువైన పరీక్ష నాకు తెలియదు.

చల్లగా ఉన్నప్పుడు చేసిన రింగ్ పరీక్ష విలువని వేడి పనికి వాడొద్దు. గ్రాఫైట్ పూత 350లో ఒకలా, 500లో ఒకలా ఉంటుంది. గాలిలో వేడెక్కేకొద్దీ మండి పలచబడుతుంది. ఫర్నేసులో ఎంతసేపు నానబెట్టావన్నది కూడా లెక్కే. పైగా మీ లోహంలో గట్టి రేణువులున్నాయి. సిలికాన్ కార్బైడ్ ముందు హెచ్13 డై స్టీలు కూడా మెత్తనే. ప్లేట్ల ముఖం మీద గీతలు పడ్డాయో లేదో వేలితో తడిమి చూడు. గీతలు పడితే పదో పరీక్షకి ఉన్న రాపిడి మొదటి పరీక్షకి ఉన్నది కాదు.


లావణ్య_వరంగల్ | మంగళవారం, మధ్యాహ్నం 1:05

పెద్దాయన గారూ, ప్లేట్లు ఇప్పుడే చూసొచ్చాను. గీతలున్నాయి. పరీక్షల క్రమం రాసి పెట్టుకోలేదు, అది నా తప్పే. ఉంగరాలు తిప్పించడానికి వర్క్‌షాప్‌కి డ్రాయింగ్ ఇచ్చాను.

మాధవ గారూ, వేడి దిద్దుబాటు ఎలా చేయాలి? శాంపిల్ మధ్యలో సన్నటి రంధ్రం వేసి థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) పెట్టాం, కానీ 10 రేటులో అది 14 డిగ్రీలే చూపించింది.


మెష్_మాధవ | మంగళవారం, రాత్రి 9:10

0.07 సెకన్లలో జరిగేదాన్ని థర్మోకపుల్ పూర్తిగా అందుకోలేదు. తీగ వేడెక్కేలోపు పరీక్ష అయిపోతుంది. ఆ 14ని నమ్మకండి, లెక్క కట్టిన విలువ తీసుకోండి. 10 రేటుకి మొత్తం పని వేడిగానే మిగిలిందనుకోవచ్చు. 1 రేటుకి ఎంత మిగిలిందో సిమ్యులేషనే చెబుతుంది, అది చూసి మళ్లీ దిద్దండి.

దిద్దే పద్ధతి పెద్ద కష్టమేం కాదు. ఒక స్ట్రెయిన్ రేటు, ఒక స్ట్రెయిన్ తీసుకోండి. నాలుగు పరీక్షల్లోనూ ఆ క్షణంలో ఉన్న అసలు ఉష్ణోగ్రత, అంటే 350 మీద పెరిగింది కలిపి, 400 మీద పెరిగింది కలిపి, అలా అడ్డం మీద వేసి, స్ట్రెస్‌ని నిలువు మీద వేసి ఒక గీత గీయండి. ఆ గీత మీద సరిగ్గా 400 దగ్గర స్ట్రెస్ ఎంతో చదవండి. అది సమ ఉష్ణోగ్రత స్ట్రెస్. ఇది ప్రతి 0.05 స్ట్రెయిన్‌కీ చేయాలి. ముందు రాపిడి తీసేసి, తర్వాత వేడి దిద్దండి. ఆ క్రమం మార్చకండి, ఎందుకంటే వేడిని లెక్కకట్టడానికి అసలు స్ట్రెస్ కావాలి.


గోదారి_గణితం | బుధవారం, ఉదయం 6:30

కొంచెం వేరే దారి చెప్పనా? నేను డేటా వైపు నుంచి వచ్చినవాడిని. ఈ సమీకరణాలన్నీ పక్కనపెట్టి ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కి ఉష్ణోగ్రత, రేటు, స్ట్రెయిన్ ఇచ్చి స్ట్రెస్ నేర్పిస్తే సరిపోదా? పేపర్లలో కోరిలేషన్ 0.99 పైన వస్తోంది. సైన్ హైపర్బోలిక్ కంటే దగ్గరగా ఉంటుంది.


మెష్_మాధవ | బుధవారం, ఉదయం 9:00

దగ్గరగా వస్తుంది, కాదనను. నేనూ వాడతాను. కానీ దేనికి దగ్గరగా? దిద్దని డేటా ఇస్తే ఆ తప్పుల్ని కూడా అది భద్రంగా నేర్చుకుంటుంది. సమీకరణంలో తప్పు ఉంటే ఎక్కడో గీత వంకరపోయి మనకి తెలుస్తుంది. నెట్‌వర్క్ ఆ వంకరని కూడా నునుపుగా కప్పేస్తుంది.

ఇంకొకటి. ఒక్కో కర్వ్ మీద 500 బిందువులు తీసి, 8000 బిందువులున్నాయని చెప్పుకుంటారు. అవి 8000 స్వతంత్ర కొలతలు కావు. పరీక్షలు 16. పక్కపక్క బిందువుల్ని ట్రైనింగ్‌కీ టెస్టింగ్‌కీ కలిపి పంచితే 0.99 ఎవరికైనా వస్తుంది. 450 డిగ్రీల నాలుగు పరీక్షల్నీ పూర్తిగా దాచిపెట్టి, మిగిలిన 12తో నేర్పి, అప్పుడు 450ని ఊహించమనండి. ఆ సంఖ్యను నేను నమ్ముతాను.

ఫోర్జింగ్ సిమ్యులేషన్‌లో అంచుల దగ్గర స్ట్రెయిన్ రేటు కొన్నిచోట్ల 50కీ 100కీ పోతుంది. మన పరీక్షలు 10తో ఆగాయి. ఆ బయటి ప్రదేశంలో భౌతికశాస్త్రం ఆధారంగా కట్టిన సమీకరణం కనీసం వెర్రి విలువలు ఇవ్వదు.


గోదారి_గణితం | బుధవారం, ఉదయం 9:45

ఒక ఉష్ణోగ్రతని మొత్తంగా దాచిపెట్టడం అన్నది నాకు తట్టలేదు. లావణ్య గారు డేటా పంచుకుంటే ఆ పద్ధతిలో నేను చేసి ఇక్కడ పెడతాను, ఎలా వస్తే అలా.


కొత్త_కిరణ్ | బుధవారం, రాత్రి 8:20

ఇంకో ప్రశ్న, మరీ ప్రాథమికమైతే క్షమించండి. లావణ్య అక్కా, మీ సమీకరణంలో యాక్టివేషన్ ఎనర్జీ, అంటే అణువులు కదలడానికి దాటాల్సిన శక్తి, ఎంత వచ్చింది? నేను చదివిన దాంట్లో అల్యూమినియం సెల్ఫ్ డిఫ్యూజన్‌కి (సొంత అణువులు చోటు మారడానికి) మోల్‌కి 142 కిలోజౌల్ అని ఉంది. కంపోజిట్లకి మాత్రం 200, 250, అంతకంటే ఎక్కువ కూడా రాస్తున్నారు. సిలికాన్ కార్బైడ్ కలిపితే అణువులు కదలడం కష్టమవుతుందా?


లావణ్య_వరంగల్ | బుధవారం, రాత్రి 8:32

నాకు దిద్దని డేటాతో 240 వచ్చింది. పేపర్లో "రేణువులు డిస్‌లొకేషన్ల కదలికను అడ్డుకుంటాయి కాబట్టి" అని రాద్దామనుకున్నాను (డిస్‌లొకేషన్లంటే స్ఫటికంలో జారే లోపాలు). నిజం చెప్పాలంటే ఆ వాక్యం వేరేవాళ్ల పేపర్లలో చూసిందే.


ఎల్బే_ఒడ్డు | గురువారం, తెల్లవారుజాము 2:50

డ్రెస్డెన్ నుంచి రాస్తున్నాను, ఇక్కడ ఇంకా బుధవారం రాత్రే. పదేళ్లుగా రేణువుల కంపోజిట్లే నా పని. కిరణ్ ప్రశ్నకి జవాబు రాయకుండా నిద్రపట్టేలా లేదు.

సిలికాన్ కార్బైడ్ కలిపినంత మాత్రాన అల్యూమినియం అణువు పక్క స్థానంలోకి దూకడానికి కావాల్సిన శక్తి మారదు. ఆ 240 అనేది అణువుల శక్తి కాదు, మనం గీసిన గీతల వాలు నుంచి వచ్చిన సంఖ్య. మనం సమీకరణంలో పెట్టేది బయటి నుంచి వేసిన స్ట్రెస్. కంపోజిట్‌లో కొంత భారాన్ని రేణువులు మోస్తాయి. ఆపైన సన్నటి ఆక్సైడ్ కణాలు మ్యాట్రిక్స్‌లో, అంటే రేణువుల చుట్టూ ఉన్న అల్యూమినియంలో, ఉంటే, ఒక కనీస స్ట్రెస్ దాటేదాకా డిస్‌లొకేషన్లు వాటిని దాటలేవు. థ్రెషోల్డ్ స్ట్రెస్ అంటాం. మ్యాట్రిక్స్ నిజంగా చూసేది మొత్తం స్ట్రెస్ కాదు, అందులోంచి ఇవి తీసేయగా మిగిలింది.

1990 ప్రాంతంలో కాలిఫోర్నియా యూనివర్సిటీ ఇర్వైన్‌లో ఫర్ఘల్లీ మొహమ్మద్ గారి బృందం పొడి లోహ పద్ధతిలో చేసిన సిలికాన్ కార్బైడ్–6061 మీద క్రీప్ పరీక్షలు (భారం కింద వేడి లోహం నెమ్మదిగా ఎంత సాగుతుందో చూసేవి) చేసి ఈ సంగతి తేల్చింది. థ్రెషోల్డ్ స్ట్రెస్ తీసేశాక యాక్టివేషన్ ఎనర్జీ అల్యూమినియం డిఫ్యూజన్ విలువ దగ్గరికే దిగొచ్చింది. అడ్డుపడింది పెద్ద సిలికాన్ కార్బైడ్ రేణువులు కాదు, పొడి మీద ఉన్న ఆక్సైడ్ పొర విరిగి చెదిరిన సన్నటి కణాలు అన్నది వాళ్ల వాదన. లావణ్యది స్టిర్ కాస్టింగ్ కాబట్టి ఆక్సైడ్ పంపకం వేరుగా ఉంటుంది, ఆ విలువల్ని ఎత్తి వాడొద్దు. కానీ "రేణువులు అడ్డుకుంటాయి" అనే ఒక్క వాక్యంతో 240ని వివరించడం తప్పు. ఆ వాక్యం ఒక పేపర్ నుంచి ఇంకో పేపర్‌కి నడుస్తూ పోతోంది, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

ఇప్పుడు పగులు గురించి. మీ సిమ్యులేషన్‌లో లోహం ఏకరూపం. అందులో రేణువు అనేదే లేదు. లేనిదాని దగ్గర పగులు ఎలా పుడుతుంది? 15 శాతం ఆకారం మారని రేణువులు కాబట్టి మొత్తం స్ట్రెయిన్‌ని మిగిలిన 85 శాతం అల్యూమినియమే మోయాలి. సగటున చూసినా మ్యాట్రిక్స్‌లో 0.69 కాదు, 0.81 ఉంది. ఇది సగటు. రెండు రేణువుల మధ్య ఇరుకు సందులో దీనికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. స్టిర్ కాస్టింగ్‌లో గుంపులు తప్పవు, ఒక ఎక్స్‌ట్రూజన్‌తో అవి పూర్తిగా విడిపోవు. ఆ గుంపు మధ్య ఇరుక్కున్న అల్యూమినియం నాలుగు వైపులా కట్టేసినట్టు ఉంటుంది. జారడానికి వీల్లేదు, అందుకే ఖాళీ తెరుచుకుంటుంది.

కాబట్టి రెండు స్థాయిల్లో మోడల్ కావాలి. పెద్ద మోడల్‌లో శాంపిల్ నడుము దగ్గర ఒక బిందువు తీసుకుని, అది పరీక్ష పొడుగునా ఏ దారిలో ఆకారం మారిందో, ఎంత వేడెక్కిందో రాసుకోండి. అదే చరిత్రని చిన్న మోడల్ మీద, అంటే ఒక 30 రేణువులున్న ఘనం మీద, పీరియాడిక్ హద్దులతో (అదే ఘనం అన్ని వైపులా మళ్లీ మళ్లీ వస్తున్నట్టు) వేయండి. సౌకర్యంగా ఉంటుందని 2డీలో చేయకండి. 2డీలో మీరు గీసే గుండ్రటి చుక్క నిజానికి అనంతమైన పొడవున్న కడ్డీ. రేణువుల కంపోజిట్‌ని కడ్డీల కంపోజిట్ చేసినట్టవుతుంది.


లావణ్య_వరంగల్ | గురువారం, ఉదయం 7:50

ఎల్బే గారూ, అంత రాత్రప్పుడు ఇంత ఓపిగ్గా రాశారు, చాలా థ్యాంక్స్ అండి. ఆ వాక్యం తీసేస్తున్నాను.

ప్రాసెసింగ్ మ్యాప్, అంటే ఏ ఉష్ణోగ్రత, ఏ రేటులో లోహం బాగా పనికొస్తుందో ఎక్కడ చెడుతుందో చూపే పటం, కూడా గీశాను. దాంట్లో 350 డిగ్రీలు, 10 రేటు చుట్టూ పెద్ద అస్థిర ప్రాంతం వచ్చింది. పగులు కూడా అక్కడే వచ్చింది కదా, మ్యాప్ సరిగ్గా చెప్పినట్టు అనుకోవచ్చా?


మెష్_మాధవ | గురువారం, ఉదయం 10:15

దిద్దిన డేటాతో మ్యాప్ మళ్లీ గీసేదాకా ఆగండి. మ్యాప్ అంతా స్ట్రెయిన్ రేట్ సెన్సిటివిటీ (రేటు పెరిగితే స్ట్రెస్ ఎంత పెరుగుతుందన్న కొలత) మీద నిలబడింది. వేడి వల్ల ఎక్కువ రేటు స్ట్రెస్‌లు ఉన్నదాని కంటే తక్కువ కనిపిస్తే సెన్సిటివిటీ పడిపోతుంది, లేని అస్థిరత్వం కూడా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ మ్యాప్‌ల పద్ధతికి పునాది వేసిన 1984 పేపర్‌లో మొదటి పేరు వై.వి.ఆర్.కె. ప్రసాద్ గారిది. టైటానియం 6242 మిశ్రమం ఫోర్జింగ్ మీద, అమెరికా వాయుసేన ల్యాబ్ వాళ్లతో కలిసి చేసిన పని. తర్వాత బెంగళూరు ఐఐఎస్సీలో ఆయన, శిష్యులు ఎన్నో లోహాలకి మ్యాప్‌లు గీశారు. మనం ఇప్పుడు మూడు క్లిక్కుల్లో గీస్తున్నది వాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని చేసిన పని.

అయితే ఆ సిద్ధాంతాన్ని ప్రశ్నించినవాళ్లూ ఉన్నారు. 1996లో మాంటెయే, జోనాస్, నీల్ కలిసి దాని ఊహల మీద గట్టి విమర్శ రాశారు. తిరువనంతపురం వీఎస్‌ఎస్‌సీ (విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం) నుంచి నారాయణమూర్తి గారు, నాగేశ్వరరావు గారు పవర్ లాకి (స్ట్రెస్ రేటు ఘాతంగా పెరుగుతుందన్న సూత్రానికి) లొంగని కర్వ్‌లకి కూడా పనికొచ్చే వేరే అస్థిరత ప్రమాణం ఇచ్చారు. రెండు ప్రమాణాలతోనూ గీసి పక్కపక్కన పెట్టండి. తేడా వచ్చిన చోట శాంపిల్ కోసి మైక్రోస్కోప్‌లో చూడండి.


కొలిమి_పెద్దాయన | గురువారం, సాయంత్రం 5:40

మ్యాప్ ఏ శాంపిల్ ఎక్కడ పగులుతుందో చెప్పదమ్మా. లోహం లోపల సంగతి చెబుతుంది. నడుము దగ్గర నిలువు పగులు రావడానికి ఆకారం కూడా కారణం. రెండు చివరలూ రాపిడి పట్టుకుంటే నడుము పీపాలా ఉబ్బుతుంది. ఉబ్బిన చోట పైపొర చుట్టూ సాగుతుంది. మీరు నొక్కుతున్నారు, కానీ అక్కడ లోహాన్ని నిజానికి లాగుతున్నారు. నొక్కితే ఓర్చుకునే కంపోజిట్ లాగితే ఓర్చుకోదు.

మేము ఎక్స్‌ట్రూజన్‌లో కూడా ఇదే చూసేవాళ్లం. వేగం పెంచితే డై నోటి దగ్గర పైపొర వేడెక్కి, సాగి, చేప పొలుసుల్లా అడ్డంగా చీలేది. బిల్లెట్ వేడి పది డిగ్రీలు తగ్గించి వేగం తగ్గిస్తే ఆగేది. ఎందుకాగిందో అప్పట్లో మాకు లెక్కగా తెలియదు, చేసి చూసి నేర్చుకున్నాం. ఆ లెక్క ఇప్పుడు మీ చేతికి వచ్చింది, నాకు అదే సంతోషం.

ఒక పని చెయ్యి. 350 డిగ్రీలు, 10 రేటులో మళ్లీ నాలుగు శాంపిల్స్ పెట్టు. ఒకటి ఎత్తు 20 శాతం తగ్గాక ఆపు, ఒకటి 30, ఒకటి 40, ఒకటి 50. మొదటి పగులు ఏ ఎత్తు దగ్గర పుడుతుందో పట్టుకో. అది తెలియకుండా పగులు మోడల్ కట్టలేవు.


మెష్_మాధవ | గురువారం, సాయంత్రం 6:20

పెద్దాయన గారు చెప్పిన దాన్ని నేరుగా సాఫ్ట్‌వేర్‌లోకి తేవచ్చు. కాక్‌క్రాఫ్ట్–లాథమ్ ప్రమాణం 1968 నాటిది. ఇప్పటికీ చాలా ఫోర్జింగ్ సాఫ్ట్‌వేర్‌లలో ఉంది. లాగే దిశలో అత్యధిక స్ట్రెస్‌ని స్ట్రెయిన్‌తో కూడుకుంటూ పోతే ఒక హద్దు దాటినప్పుడు పగులు వస్తుందంటుంది. మొదటి పగులు పుట్టిన ఎత్తు దగ్గర నడుము మీద ఆ విలువ ఎంతో సిమ్యులేషన్ నుంచి చదివితే అదే హద్దు.

ఆ హద్దు సరైనదో కాదో అదే శాంపిల్ మీద చూస్తే ప్రయోజనం లేదు. నడుము దగ్గర పట్టీలా అంచు ఉన్న వేరే ఆకారం శాంపిల్ చేయించి, పగులు ఎప్పుడొస్తుందో ముందే రాసిపెట్టుకుని, తర్వాత నొక్కండి. హద్దు కూడా ఉష్ణోగ్రతని బట్టీ రేటుని బట్టీ మారుతుంది, 350కి కట్టింది 450కి వాడొద్దు.


లావణ్య_వరంగల్ | నాలుగు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:15

అందరికీ మళ్లీ నమస్కారం. ఇన్నాళ్లూ రాయలేకపోయాను, ల్యాబ్‌లోనే ఉండిపోయాను.

ముందు రింగ్ పరీక్ష. 400లో ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ 0.2కి దగ్గరగానే వచ్చింది, కానీ 500లో 0.3 దాటింది. పెద్దాయన గారు చెప్పినట్టు గ్రాఫైట్ పలచబడింది. అంటే 500 డిగ్రీల కర్వ్‌లన్నింటిలో ఇన్నాళ్లూ రాపిడి వాటా నేను అనుకున్నదాని కంటే ఎక్కువ. ప్లేట్లు మళ్లీ గ్రైండ్ చేయించి, అనుమానంగా ఉన్న ఆరు పరీక్షలు తిరిగి చేశాను. ఈసారి క్రమం, ఫర్నేసులో ఉంచిన సమయం అన్నీ నోట్‌బుక్‌లో ఉన్నాయి.

రాపిడి తీసేసి, వేడి దిద్ది మళ్లీ నడిపితే 400 దగ్గర 0.01 రేటులో తేడా 2 శాతానికి, 10 రేటులో 3 శాతానికి వచ్చింది. 1 రేటులో మాత్రం ఇప్పుడు ఒకటిన్నర శాతం తేడా కనిపిస్తోంది. ముందు సున్నా ఉండేది. ఆ ఒకటిన్నర శాతం చూస్తే నాకు ఎంత నిశ్చింతగా ఉందో చెప్పలేను.

దిద్దిన డేటాతో మ్యాప్‌లో అస్థిర ప్రాంతం బాగా కుదించుకుపోయింది. 350, 10 దగ్గర ఒక మూల మాత్రం రెండు ప్రమాణాల్లోనూ మిగిలింది.

మొదటి పగులు 30, 40 శాతాల మధ్య పుట్టింది. మధ్యలో ఇంకొకటి చేసి 36 దగ్గర పట్టుకున్నాను. దాంతో హద్దు కట్టి, అంచు శాంపిల్‌కి ఊహ రాసి కవర్లో పెట్టి మా గైడ్‌గారికి ఇచ్చాను. 28 శాతం దగ్గర పగులుతుందని రాశాను. నిజంగా పగిలింది 25 దగ్గర. గైడ్‌గారు కవర్ విప్పి చూసి, కాసేపు ఏమీ మాట్లాడకుండా, మిగిలిన మూడు శాతం ఎక్కడికి పోయిందో వెతకమన్నారు.

గోదారి గారు 450ని దాచిపెట్టి చేసిన ఫలితం నాకు పంపారు, ఆయన్నే ఇక్కడ పెట్టమన్నాను.


గోదారి_గణితం | ఆదివారం, రాత్రి 9:50

పెడుతున్నాను. బిందువుల్ని కలగాపులగంగా పంచినప్పుడు కోరిలేషన్ 0.998. 450ని పూర్తిగా దాచినప్పుడు 0.5 స్ట్రెయిన్ దగ్గర సగటు తప్పు 9 శాతం. అదే చోట లావణ్య గారి సమీకరణం తప్పు 4 శాతం. పరీక్షలు 60, 70 ఉంటే లెక్క మారొచ్చు, 16తో మాత్రం సమీకరణానిదే పైచేయి.


ఎల్బే_ఒడ్డు | సోమవారం, తెల్లవారుజాము 1:30

లావణ్యా, ముందే రాసి కవర్లో పెట్టడం చాలా మంచి పని చేశావు. మూడు శాతం తేడాకి గుంపులు ఒక కారణం కావచ్చు. నీ హద్దు కట్టిన శాంపిల్, అంచు శాంపిల్ కడ్డీలో ఒకే చోటు నుంచి తీసినవేనా? ఎక్స్‌ట్రూడ్ చేసిన కడ్డీ మధ్యలో, అంచున రేణువుల పంపకం ఒకేలా ఉండదు. అంచు శాంపిల్ వ్యాసం పెద్దది కాబట్టి కడ్డీ బయటి పొర కూడా అందులోకి వచ్చి ఉంటుంది.

36 శాతం దగ్గర ఆపినదాన్ని నిలువుగా కోసి చూడు. పగులు రేణువుకీ అల్యూమినియానికీ మధ్య విడిపోయి పుట్టిందా, రేణువే విరిగి పుట్టిందా, గుంపు లోపల పుట్టిందా తేలాలి. చిన్న మోడల్‌లో ఇంటర్‌ఫేస్ బలం ఎంత పెట్టాలన్నది దాన్నిబట్టే ఉంటుంది. ఇప్పుడు ఆ విలువ ఊహించి పెడితే మళ్లీ మొదటికొస్తాం.


లావణ్య_వరంగల్ | సోమవారం, ఉదయం 8:05

లేదండీ, ఒకే చోటు నుంచి తీయలేదు. అంచు శాంపిల్‌కి మొత్తం వ్యాసం కావాల్సి వచ్చింది, చిన్నవి మధ్యలోంచి తీశాం. ఇది నాకు తట్టనే లేదు. రెండు చోట్ల రేణువుల శాతం, గుంపులు విడివిడిగా లెక్కపెడతాను. 36 శాతం శాంపిల్ కోయడానికి సిద్ధంగా ఉంది.


కొలిమి_పెద్దాయన | సోమవారం, ఉదయం 8:40

కోసేముందు ఒక జాగ్రత్త తల్లీ. మామూలు కటింగ్ వీల్‌తో గబగబా కోసి, గరుకు పేపర్ మీద రుద్దితే అంచు రేణువులు ఊడొస్తాయి. ఆ గుంటలు మైక్రోస్కోప్‌లో అచ్చం ఖాళీల్లాగే కనబడతాయి. మా షాపులో ఒకసారి మంచి కడ్డీని ఇలాగే చెడ్డదని పక్కన పడేశాం. వైర్ ఈడీఎంతో (సన్నటి తీగ నుంచి విద్యుత్ స్పార్కులతో కోసే యంత్రం) నెమ్మదిగా కోయించు. పాలిష్ చివరి దశలన్నీ డైమండ్ పేస్ట్‌తో, తక్కువ ఒత్తిడితో చెయ్యి. నొక్కని ముక్క ఒకటి పక్కన పెట్టుకుని దానికీ అదే పాలిష్ చెయ్యి. దాంట్లో కూడా గుంటలు కనబడితే అవి పాలిష్ చేసినప్పుడు పడ్డవే.


లావణ్య_వరంగల్ | సోమవారం, ఉదయం 8:55

రెండు ముక్కలూ కలిపే ఇస్తున్నాను పెద్దాయన గారూ. వైర్ ఈడీఎంకి బుధవారం స్లాట్ దొరికింది. ఫోటోలు ఇక్కడే పెడతాను.